చెన్నై నుంచి సముద్రం పక్కన మూడు రోజుల సైకిల్ ప్రయాణం: పుదుచ్చేరి వైపా, పులికాట్ వైపా?

తరమణి_తొక్కుడు
అందరికీ నమస్కారం. ఊరు ఒంగోలు, ఉద్యోగం తరమణిలో. రెండేళ్లుగా ఆదివారాలు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద కోవళం దాకా తొక్కుతున్నా. ఇప్పటిదాకా ఎక్కువ తొక్కింది మహాబలిపురం వెళ్లి రావడమే, అది నూటపది కిలోమీటర్లు దాటింది. హైబ్రిడ్ సైకిల్, 35 మి.మీ. టైర్లు, వెనక క్యారియర్‌కి రెండు సంచులు పడతాయి.
సంక్రాంతికి ఇంటికి వెళ్లక తప్పదు (వెళ్లకపోతే అమ్మ ఊరుకోదు). జనవరి 26 మాత్రం ఈసారి శని, ఆదివారాలకి కలిసొచ్చింది. మూడు రోజులు సముద్రం పక్కన తొక్కాలని ఉంది. రికార్డులేం వద్దు. ఆగి చూడాలి, తినాలి, ఫోటోలు తీసుకోవాలి. అందరూ పుదుచ్చేరే అంటున్నారు. ఇంకేమైనా ఉందా?

బ్రెవేబాబు
పుదుచ్చేరి. ఆలోచించడానికేముంది? తెల్లవారుజామున నాలుగున్నరకి తిరువాన్మియూర్‌లో బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటావు. నూటయాభై కిలోమీటర్లే. రోడ్డు చదును, ఎక్కుడు అన్న మాటే లేదు. బ్రెవేల్లో (గడువు పెట్టి తొక్కించే దూరప్రయాణాల్లో) 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలిస్తారు. ఆ లెక్కన ఇది నిద్రపోతూ తొక్కేయొచ్చు.

ఉప్పుగాలి
బాబూ, ఆయన ఆగి చూడాలన్నాడు. నువ్వు నిద్రపోతూ తొక్కమంటున్నావు 😀
తమ్ముడూ, దక్షిణం వైపు నేను నాలుగుసార్లు వెళ్లాను. ఒక్కమాట చెప్తా విను. ఈసీఆర్ అందం ఈసీఆర్ మీద ఉండదు, ఎడమవైపు పక్కదారుల్లో ఉంటుంది. పెద్ద రోడ్డు మీద నీకు కనిపించేవి రిసార్టుల గోడలు, బిర్యానీ బోర్డులు.
ముట్టుకాడు వంతెన మీద పొద్దున ఆరింటికి ఆగు. బ్యాక్‌వాటర్ మీద వెలుతురు ఆ అరగంటే బాగుంటుంది. వడనెమ్మేలిలో మొసళ్ల పార్కుంది, 1976లో మొదలైంది. నువ్వు వెళ్లే వేళకి తెరిచి ఉండదు, వదిలేయ్. సాలువాన్‌కుప్పంలో రాతిని తొలిచి చెక్కిన పులిగుహ దగ్గర మాత్రం ఆగు. 2004 సునామీకి ఇసుక కొట్టుకుపోయాక, ఆ పక్కనే పాత మురుగన్ గుడి ఇటుక పునాదులు బయటపడ్డాయి. మహాబలిపురం వెళ్లే జనంలో చాలామంది దీని ముందునుంచే దాటిపోతారు.
మహాబలిపురం నీకు తెలిసిందే. అది దాటాకే అసలు ప్రయాణం మొదలవుతుంది. కల్పాక్కం పక్కన సద్రాస్‌లో డచ్చివాళ్ల కోట ఉంది, లోపల వాళ్ల సమాధులున్నాయి. సమాధి రాళ్ల మీద చెక్కిన ఓడలూ అక్షరాలూ చూస్తూ నేను గంటసేపు కూర్చుండిపోయాను. ఆ తర్వాత పాలారు వంతెన, సరుగుడు తోటలు, తాటి తోపులు. కడపాక్కం దగ్గర ఎడమకి తిరిగితే ఆలంబరై కోట. మొఘలుల కాలంలో కట్టారు, 1750లో ఫ్రెంచివాళ్ల చేతికొచ్చింది, పదేళ్లకే ఇంగ్లీషువాళ్లు పడగొట్టారు. విరిగిన గోడ మీద కూర్చుంటే కింద బ్యాక్‌వాటర్, అవతల ఇసుకతిన్నె, దాని వెనక సముద్రం. దోశ పొట్లం తీసుకెళ్లు, అక్కడ తిను.
మరక్కాణం ఉప్పుమడులు సాయంత్రం చూడాలి. ఉప్పు పోగులు తెల్లగా, మడుల్లో నీళ్లు గులాబీరంగుకి తిరిగి ఉంటాయి. జనవరిలో ఉప్పు తీత ఇంకా ఊపందుకోదు, అసలు కాలం ఎండాకాలం. అదొక్కటే లోటు.

బ్రెవేబాబు
అక్కా, ఒప్పుకున్నా. కానీ మహాబలిపురం దాటాక నాలుగు వరుసల పని జరుగుతోంది. కొన్నిచోట్ల కంకర, మట్టి మళ్లింపులు. వారాంతంలో స్పోర్ట్స్ బైకుల వాళ్లు పక్కనుంచి దూసుకుపోతుంటే గుండె జారిపోతుంది. ఆ మూడు రోజుల సెలవుకి చెన్నై అంతా పుదుచ్చేరిలోనే ఉంటుంది, రూములు దొరకవు. ముందే బుక్ చెయ్యాలి.

నెల్లూరోడు
అందరూ ఆ దక్షిణమేనా? ఉత్తరాన సముద్రం లేదా అండీ? ఈ ఫోరంలో మూడొంతులమంది నెల్లూరు, ఒంగోలు, గుంటూరు వాళ్లం. సైకిలెక్కగానే అందరం పుదుచ్చేరి వైపు తిరుగుతాం. పులికాట్ సరస్సు చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. జనవరిలో ఫ్లెమింగోలు వేలల్లో ఉంటాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి రోడ్డు సరస్సు మధ్యలోంచే వెళ్తుంది, రెండువైపులా నీళ్లు. అలాంటి రోడ్డు మీద సైకిల్ తొక్కకపోతే ఇంకెక్కడ తొక్కుతారు?

పెరంబూర్_పిల్ల
నెల్లూరన్నా, చెప్పింది నిజమే కానీ అక్కడికి చేరడం ఎలా? నేను ఉత్తర చెన్నైలోనే పుట్టిపెరిగాను. మణలి, ఎన్నూర్, మీంజూర్ దారిలో కంటైనర్ లారీలు బారులు తీరి ఉంటాయి. రోడ్డు పక్కన దుమ్ము, బూడిద, గుంతలు. ఓసారి మా తమ్ముడితో పళవేర్కాడు బయల్దేరి మీంజూర్ దగ్గర్నుంచే వెనక్కొచ్చేశాం. ఇంటికొచ్చి ముక్కు చీదితే నలుపు.
(పళవేర్కాడు అంటే పులికాటే, కొత్తవాళ్లకోసం.)

తరమణి_తొక్కుడు
ఇప్పుడు ఇంకా కన్ఫ్యూజన్ అయింది. ఉత్తరం బాగుందనిపిస్తోంది, ఆ లారీలంటే టెన్షన్‌గా ఉంది.

మైలాపూర్_మాస్టారు
నాయనా, ఎవరూ గాలి సంగతి ఎత్తలేదు. అందుకని రాస్తున్నాను. నేను రిటైరయ్యాను. మద్రాసులో యాభై ఏళ్లుగా ఉంటున్నాను, సైకిల్ ఇంకా వదల్లేదు.
మన తీరంలో డిసెంబరు, జనవరి నెలల్లో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. పొద్దున తక్కువ, పదింటికల్లా పుంజుకుంటుంది. కోస్తా ఇక్కడ దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. కాబట్టి ఈ కాలంలో దక్షిణానికి తొక్కితే గాలి నీ ఎడమ భుజం వెనకనుంచి తోస్తుంది. ఉత్తరానికి తొక్కితే రోజంతా మొహం మీద కొడుతుంది. చదును రోడ్డు కదా అనుకుంటారు. కొండెక్కితే దిగడమైనా ఉంటుంది, ఎదురుగాలికి దిగుడు లేదు. పుదుచ్చేరి వెళ్లేటప్పుడు హాయిగా వెళ్లినవాళ్లు, మర్నాడు తిరిగొస్తూ మరక్కాణం దగ్గర కూలబడటం నేను చాలాసార్లు చూశాను. అందులో ఒకసారి కూలబడింది నేనే.
అందుకని నా సలహా: నెల్లూరుకి రైల్లో వెళ్లు, అక్కణ్నుంచి మద్రాసు వైపు తొక్కు. ఇంటినుంచి దూరంగా తొక్కాలని ఎక్కడుంది? ఇంటికి తొక్కుకుంటూ రా. గాలి నీది. లారీలున్న ఆ చివరి ముక్క మూడో రోజుకి పడుతుంది, అది కావాలంటే తొక్కు, లేకపోతే వదిలేయ్.
ఇంకొకటి. ఆ దారంతా బకింగ్‌హామ్ కాలువ నీకు తోడుంటుంది. కాకినాడ నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా జలమార్గం ఉండేది. ఇంగ్లీషువాళ్లు 1806లో మద్రాసు దగ్గర మొదలుపెట్టారు. 1876-78 కరువులో కూలి కోసం వచ్చిన జనం చేత మద్రాసులో కూవం, అడయారు నదుల్ని కలిపే ముక్క తవ్వించారు. శ్రీహరికోట సరుగుడు కట్టెలు పడవల్లో మద్రాసు పొయ్యిల్లోకి వచ్చేవి. మన కోస్తా తెలుగువాళ్లు మద్రాసు రావడానికి ఇదీ ఒక దారే. ఇప్పుడు నగరంలో అది మురుగుకాలువ. నెల్లూరు జిల్లాలో మాత్రం ఇంకా కొన్నిచోట్ల నీళ్లూ, గట్టూ, గట్టు మీద తాడిచెట్లూ చూడొచ్చు.

ఉప్పుగాలి
మాస్టారూ, దండం. నాలుగుసార్లు పుదుచ్చేరి వెళ్లాను, నాలుగుసార్లూ తిరుగుప్రయాణం బస్సులోనే. ఎందుకో ఇప్పుడర్థమైంది.

బ్రెవేబాబు
గాలి మీద కథ బాగుంది కానీ, ఎదురుగాలిలో తొక్కకపోతే కాళ్లు ఎలా గట్టిపడతాయి మాస్టారూ?

మైలాపూర్_మాస్టారు
నావి గట్టిపడ్డాయి నాయనా. ఇప్పుడు మోకాళ్లు కూడా గట్టిపడ్డాయి, మడవటం లేదు.

హోసూరు_రోడ్డు
బెంగళూరు నుంచి చదువుతున్నా. మీకు సముద్రం ఉంది, మాకు సిల్క్‌బోర్డు కూడలి ట్రాఫిక్ ఉంది. ఈ దారి మొత్తం రాయండి దయచేసి, మేమూ వస్తాం.

నెల్లూరోడు
రాస్తున్నా. మా నాన్నది కోట అనే ఊరి దగ్గర పల్లె, ఈ రోడ్లన్నీ చిన్నప్పుడు డబుల్స్ తొక్కుకుంటూ తిరిగినవే.
మొదటి రోజు. నెల్లూరులో పొద్దున్నే పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి దాకా వెళ్లి దండం పెట్టుకో, కారం దోశ తిను. తర్వాత ముత్తుకూరు వైపు వెళ్తావా వద్దా అన్నది నీ ఇష్టం. అటు కృష్ణపట్నం ఓడరేవు, థర్మల్ కేంద్రాలు, బొగ్గు లారీలు ఉంటాయి. నేనైతే వెళ్లను. గూడూరు దారిలో కొంతదూరం హైవే సర్వీసు రోడ్డు పట్టుకుని, అక్కడ కోట వైపు ఎడమకి తిరుగు. అక్కణ్నుంచి లోకం మారిపోతుంది. వరి మడులు, రొయ్యల గుంటలు, గుంటల్లో గిర్రున తిరిగే చక్రాలు. రొయ్యల మేత వాసన వస్తుంది, అలవాటు పడతావు. వాకాడు దగ్గర స్వర్ణముఖి దాటి తూపిలిపాలెం బీచికి వెళ్లు. చేపల పడవలు, నీళ్లలో ఆడుకునే పిల్లలు తప్ప ఎవరూ ఉండరు. అక్కడికి దగ్గర్లోనే దుగరాజపట్నం. మద్రాసు 1639లో పుట్టకముందే ఇంగ్లీషువాళ్లు ఇక్కడ వ్యాపార స్థావరం పెట్టుకున్నారు. అర్మగాన్ అని వాళ్లు పిలిచింది దీన్నే. ఇప్పుడు చూస్తే ఆ ఆనవాలేమీ ఉండదు, ఒక లైట్‌హౌస్, ఇసుక. నాకు అదే ఇష్టం. సాయంత్రానికి నాయుడుపేట, లాడ్జిలుంటాయి.
రెండో రోజు. హైవే మీద దొరవారిసత్రం దాకా వచ్చి నేలపట్టుకి తిరుగు. పెలికాన్లు, నారాయణపక్షులు చెరువులో నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు పెడతాయి. పక్షుల రెట్ట కలిసిన నీళ్లు పొలానికి ఎరువని ఊరివాళ్ల నమ్మకం, అందుకే వాటి జోలికి పోరు. అక్కడ టవరెక్కి చూడు, తొందరపడకు. మధ్యాహ్నానికి సూళ్లూరుపేట. లాడ్జిలో సంచులు పడేసి, ఖాళీ సైకిల్‌తో శ్రీహరికోట రోడ్డు మీదికి వెళ్లు. షార్ (ఇస్రో రాకెట్ కేంద్రం) గేటు దాకానే వదులుతారు, లోపలికి పాసుండాలి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజున ఆ రోడ్డు మీద కార్ల జాతర, ఆ తేదీ ముందే చూసుకో.
మూడో రోజు తడ, గుమ్మిడిపూండి, పొన్నేరి, అక్కణ్నుంచి పులికాట్ ఊరు. ఇక్కడా డచ్చివాళ్లే. 1613లో గెల్డ్రియా కోట కట్టారు, 1690 దాకా ఈ తీరంలో వాళ్ల ముఖ్య స్థావరం ఇదే, తర్వాత నాగపట్నానికి మార్చుకున్నారు. కోట మిగల్లేదు, సమాధులు మిగిలాయి. గేటు స్తంభాల మీద చెక్కిన అస్థిపంజరాలు నిన్ను ఆహ్వానిస్తాయి.

ఉప్పుగాలి
అస్థిపంజరాలా! నేను సద్రాస్‌తో సరిపెట్టుకుంటున్నాను చూడు.

పెరంబూర్_పిల్ల
హైవే ముక్క గురించి ఎవరూ భయపెట్టలేదు కాబట్టి నేను భయపెడతా. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ మధ్య అది పదహారో నంబరు జాతీయ రహదారి, కలకత్తా లారీలన్నీ దానిమీదే. తెల్లటి గీతకి ఎడమవైపు వెడల్పు బాగానే ఉంటుంది కానీ, ఎదురుగా తప్పుదారిలో వచ్చే మోటార్‌సైకిళ్లు, ట్రాక్టర్లు కూడా అక్కడే వస్తాయి. అద్దం పెట్టుకో, వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించు. ఫ్లైఓవర్ల కింద సర్వీసు రోడ్డులోకి దిగడమే మంచిది.

తరమణి_తొక్కుడు
నెల్లూరు నుంచి తొక్కడం ఖాయం. రైల్లో సైకిల్ సంగతి చెప్పండి. పార్సిల్ ఆఫీసంటే నాకు భయం.

ఉప్పుగాలి
భయపడాల్సిందే 😀 ప్రయాణం టికెట్ చూపించి, సైకిల్‌ని లగేజీగా బుక్ చేస్తే నువ్వెక్కే రైలు బ్రేక్‌వ్యాన్‌లో (సామాన్ల పెట్టెలో) వేస్తారు. టికెట్, ఆధార్ నకలు పట్టుకెళ్లు. పెడల్స్ విప్పు, హ్యాండిల్ తిప్పి కట్టు, గేరు తీగలున్న వైపు అట్టముక్క చుట్టు. సైకిల్ మీద పేరు, రైలు నంబరు, దిగే స్టేషను రెండుచోట్ల రాసి అంటించు. గంటన్నర ముందు వెళ్లు.
నా అనుభవం. పోయినేడాది ఓ స్టేషన్‌లో రసీదిచ్చారు, నవ్వుతూ ఎక్కిస్తామన్నారు. నేను దిగాను, సైకిల్ దిగలేదు. అది మర్నాటి బండిలో వచ్చింది. ఆ రాత్రి హెల్మెట్ పక్కన పెట్టుకుని లాడ్జిలో కూర్చున్నాను, సైకిల్ లేని సైకిలిస్టుని. అందుకని బండి కదిలేముందు బ్రేక్‌వ్యాన్ దగ్గరికి వెళ్లి, సైకిల్ లోపలికి ఎక్కడం కళ్లారా చూసి అప్పుడు నీ పెట్టెలోకి పరిగెత్తు.

నెల్లూరోడు
నెల్లూరుకి శుక్రవారం సాయంత్రం బోలెడు బళ్లు. కానీ కొన్ని రెండే నిమిషాలాగుతాయి, ఆలోపు సైకిల్ దించాలి. ఎక్కువసేపు ఆగే బండి చూసుకో.

బ్రెవేబాబు
సామాన్ల మాట. రెండు ట్యూబులు, టైరు లీవర్లు, పంపు, పంక్చర్ కిట్, చైన్ లింకు. ఉప్పుగాలికి (ఫోరం సభ్యురాలికి కాదు, నిజం ఉప్పుగాలికి) చైన్ రెండు రోజుల్లో తుప్పుపడుతుంది. రాత్రి లాడ్జిలో తడిగుడ్డతో తుడిచి, ఆరాక చుక్క చుక్కగా నూనె వెయ్. ఇసుకలో టైరు దిగబడితే తొక్కొద్దు, దిగి నడిపించు. గొలుసులోకి ఇసుక పోతే కరకరమంటూ తినేస్తుంది.
జనవరి కదా అని నీళ్లు తక్కువ తాగకు. సముద్రం పక్కన చెమట ఆరదు, ఎంత పోయిందో తెలీదు. గంటకో సీసా, అందులో ఓఆర్‌ఎస్ పొడి.

పెరంబూర్_పిల్ల
కుక్కలు! ఊరి చివర కుక్కలు సైకిల్ చక్రం చూస్తే వెంటపడతాయి. వేగం పెంచితే ఇంకా ఉత్సాహం వాటికి. దిగి, సైకిల్ మధ్యలో పెట్టుకుని నడిస్తే ఊరుకుంటాయి.

తరమణి_తొక్కుడు
(మూడు వారాల తర్వాత)
వెళ్లొచ్చాను. అందరికీ బాకీ ఉన్నాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.
సైకిల్ ఎక్కడం కళ్లారా చూశాను, ఉప్పుగాలి అక్కా. దిగేటప్పుడు పోర్టరన్న సాయం చేశాడు. ఒక అద్దం విరిగింది, అంతే.
మాస్టారి గాలి నిజం. మొదటి రోజు పొద్దున ఏమీ తెలియలేదు. పదిన్నర దాటాక కోట రోడ్డు మీద ఎవరో సీటు పట్టుకుని తోస్తున్నట్టుంది. చిన్నప్పుడు నాన్న అలాగే తోసి వదిలేసేవాడు. తూపిలిపాలెం దారిలో బకింగ్‌హామ్ కాలువ దాటేటప్పుడు ఆగాను. ఒక పెద్దాయన చిన్న వల వేస్తున్నాడు. ఇక్కడ పడవలు మద్రాసు వెళ్లేవటగా అని అడిగాను. "మా అయ్య వెళ్లాడు, తెరచాప లేనప్పుడు గట్టు మీద తాడు పట్టుకుని లాగేవాళ్లు" అన్నాడు. నువ్వెక్కడికి పోతున్నావని అడిగితే మద్రాసుకే అన్నా. సైకిల్ వైపు చూసి, "అప్పుడు వాళ్లు లాగారు, ఇప్పుడు నువ్వు తొక్కుతున్నావు, రైలుండగా" అని నవ్వాడు. నా దగ్గర జవాబు లేదు.
తూపిలిపాలెంలో రెండుగంటలు కూర్చుండిపోయాను, దాంతో నాయుడుపేట చేరేసరికి చీకటి పడింది. అది నా తప్పే. లైటుంది కాబట్టి బతికాను. చీకట్లో హైవే అంచున తొక్కిన ఆ అరగంట మళ్లీ వద్దు.
నేలపట్టు గురించి రాయడానికి నాకు మాటల్లేవు, ఫోటోలు పెడతాను. వాసన మాత్రం ఫోటోలో రాదు.
శ్రీహరికోట రోడ్డు మీద వెళ్లేటప్పుడు గాలి మొహం మీదే, ఇరవై కిలోమీటర్ల లోపు దూరానికి రెండు గంటలు పట్టింది. అదే మంచిదైంది. నెమ్మదిగా వెళ్లాను కాబట్టి చూశాను. ముందు నీళ్ల మీద తెల్లటి గీతలా కనిపించింది, ఉప్పనుకున్నా. ఆ గీత కదిలింది. ఒక్కసారి లేచాక రెక్కల కింద ఎరుపు కనిపించింది. కార్లలో వాళ్లు హారన్ కొట్టి లేపాలని చూస్తున్నారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు. తిరిగొచ్చేటప్పుడు పెడల్ పెద్దగా తొక్కలేదు, గాలే తెచ్చి సూళ్లూరుపేటలో దించింది.
మూడో రోజు తడ దగ్గర పంక్చర్, గుమ్మిడిపూండి దగ్గర ఇంకోటి. పులికాట్‌లో అస్థిపంజరాలని పలకరించి, గట్టు మీద వేయించిన చేప తిన్నాను. పొన్నేరికి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం మూడు. మీంజూర్ వైపు లారీల వరస చూసి, రూమ్మేట్‌కి ఫోన్ చేసి కారు తెప్పించుకున్నాను. సిగ్గేం లేదు.

పెరంబూర్_పిల్ల
సిగ్గెందుకు? మా ఏరియా వాళ్లం మేమే తొక్కం అక్కడ.

బ్రెవేబాబు
మొత్తం ఎంత వచ్చింది కిలోమీటర్లు?

తరమణి_తొక్కుడు
రెండువందల నలభై చిల్లర. నీకు ఒక రోజు పని, నాకు మూడు రోజులు పట్టింది, ఇంకో రోజుంటే బాగుండేది.

నెల్లూరోడు
నెల్లూరులో కారం దోశ తిన్నావా లేదా, అది చెప్పు ముందు.

తరమణి_తొక్కుడు
రెండు తిన్నానన్నా. మూడోది చెప్పబోతే సైకిల్ గుర్తొచ్చింది.

ఉప్పుగాలి
ఫోటోలు చూసి కుళ్లుకుంటున్నాను. మార్చిలో ఆలంబరై, మరక్కాణం వెళ్దామా? అప్పటికి ఉప్పు తీత మొదలవుతుంది. ఆడవాళ్లం ముగ్గురం ఉన్నాం, మీరూ రండి. తిరువాన్మియూర్‌లో నాలుగున్నరకి కలుద్దాం.

మైలాపూర్_మాస్టారు
అమ్మా, ఆగండి. మార్చి రెండో వారం కల్లా గాలి తిరిగి దక్షిణం, ఆగ్నేయం పడుతుంది. ఈసారి పుదుచ్చేరికి రైల్లో వెళ్లి, ఇటు తొక్కుకుంటూ రండి. ఎండ ఎక్కువ, పదింటికల్లా నీడ పట్టండి. నేను ముట్టుకాడు వంతెన దగ్గర ఫ్లాస్కులో కాఫీతో ఉంటాను, అక్కణ్నుంచి కలిసి వద్దాం.

ఉప్పుగాలి
పంచదార తక్కువ మాస్టారూ.